బోనెట్టు మీద వేరే బండి అంకెలు

మా పెదనాన్నగారి కారు బోనెట్టు మీద అయస్కాంతం పెట్టగానే అది టక్కున అంటుకుంది. నిజానికి అంటుకోకూడదు. 1963 మార్చిలో జెనీవా మోటారు ప్రదర్శనలో మెర్సిడెస్ బెంజ్ సంస్థ మొదటిసారి చూపించిన 230 ఎస్.ఎల్. కారుకు బోనెట్టు, తలుపులు, డిక్కీ మూత, మడిచిన గుడ్డ టాపును కప్పే మూత అల్యూమినియంతో చేశారు. మిగిలిన ఒళ్ళంతా ఇనుప రేకే. తలుపుల మీద పెడితే అయస్కాంతం జారిపోయింది, డిక్కీ మీద పెట్టినా జారిపోయింది, బోనెట్టును మాత్రం జలగలా పట్టుకుంది. గుంటూరులో మా పాత పొగాకు గోడౌను పక్కనున్న రేకుల షెడ్డులో, ఇరవై ఆరేళ్ళ దుమ్ము కింద ఉన్న ఆ కారును మళ్ళీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి తీసుకురావాలని నేను అనుకున్న మొదటి ఉదయమే, ఆ కారులో ఏది అసలుదో ఏది కాదో నాకు బొత్తిగా తెలియదని అర్థమైంది.

పెదనాన్నగారు పొగాకు ఎగుమతి వ్యాపారంలో ఉండేవారు. 1966లో తయారైన ఈ కారు మద్రాసులోని ఒక విదేశీ దౌత్య కార్యాలయంలో పనిచేసే అధికారితో పాటు మన దేశానికి వచ్చింది. అప్పట్లో అలా వచ్చిన విదేశీ కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా అమ్మేవారు. అలా అమ్మకానికి పెట్టినప్పుడు పెదనాన్నగారు దీన్ని కొన్నారు. ఆ తరువాత మద్రాసు దారిలో ఒక ఎడ్లబండిని తప్పించబోయి చెట్టుకు గుద్దుకున్నారని, ముందు ఎడమ పక్క నలిగిందని, మద్రాసులోనే ఒక రేకుల పనివాడు నెలరోజులు కూర్చుని బోనెట్టు చేత్తో కొట్టి తయారుచేశాడని మా పెద్దమ్మ చెబితే తెలిసింది. అయస్కాంతం ఎందుకు అంటుకుందో అప్పుడు అర్థమైంది. అదే సమయంలో తెల్ల కారు కాస్తా ఎర్ర కారయింది.

తెల్ల కారని పెద్దమ్మ జ్ఞాపకం ఒక్కటే సాక్ష్యం కాదు, కాగితం కూడా ఉంది. ఈ సంస్థ తాను తయారుచేసిన ప్రతి కారుకూ ఒక డేటా కార్డు రాసి పెట్టుకుంది. ఛాసీ నంబరు, ఇంజను నంబరు, బాడీ నంబరు, రంగు, సీట్ల గుడ్డ, కొన్నవారు అదనంగా కోరిన సామాను, అన్నీ అందులో అంకెల రూపంలో ఉంటాయి. మా కారు ఛాసీ నంబరు 113.042 అనే అంకెలతో మొదలై, ఆ వెంటనే 20 అని ఉంటుంది. 113.042 అంటే 230 ఎస్.ఎల్., 20 అంటే కుడి చేతి స్టీరింగు, చేత్తో మార్చే గేర్లు. డేటా కార్డు నకలు చేతికి వచ్చిన రోజు రంగు గడిలో 050 అని చూశాను. ఆ సంకేతానికి అర్థం తెలుపు. దానికి రుజువు కారులోనే దొరికింది: డిక్కీ నేల మీద పరిచిన రబ్బరు చాప అంచు కింద, బంకతో అతుక్కుపోయిన చోట, బొటనవేలంత మేర పాత తెలుపు, పాలమీగడ రంగుకు తిరిగి, చెక్కుచెదరకుండా ఉంది. ఎర్ర రంగు వేసినవారు ఆ చాప ఎత్తే శ్రమ తీసుకోలేదు. వారికి నేను ఈ రోజుకూ కృతజ్ఞుణ్ణి.

ఫ్యాక్టరీ స్థితి అనే మాటను మన ఊళ్ళలో చాలామంది కొత్తదానిలా మెరిసిపోవడం అని అర్థం చేసుకుంటారు. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను, దానికి ఒక ఏడాది కాలం మూల్యంగా చెల్లించాను. విజయవాడలో నేను మొదట కారు అప్పగించిన షెడ్డు పేరు రాయను. అక్కడివారు చెడ్డ పనివారు కారు, ఖరీదైన కొత్త కార్లకు రంగు వేయడంలో మంచి పేరున్నవారు. ఐదు నెలల తరువాత వెళ్ళి చూస్తే కారు ఒళ్ళు అద్దంలా ఉంది. తెలుపు మీద పారదర్శకమైన పూత వేసి, దాని మీద పాలిష్ పట్టించి, మన ముఖం మనకు కనిపించేటట్టు చేశారు. నేను బోనెట్టు ఎత్తి హెడ్‌లైట్ల వెనుక చూశాను. అక్కడ, మడ్‌గార్డు లోపలి అంచు పొడవునా, ఫ్యాక్టరీలో రేకును రేకుతో కలిపిన స్పాట్ వెల్డింగు గుర్తులు వరసగా చిన్న గుండ్రటి గుంటలుగా ఉండాలి. ఈ కారును గురించి తెలిసినవారు బోనెట్టు ఎత్తగానే మొదట చూసేది వాటినే, ఎందుకంటే ముందు భాగం దెబ్బతిని మరమ్మతు అయిన కారులో అవి సాధారణంగా మాయమవుతాయి. ఎడమ పక్క అవి ఎప్పుడో మద్రాసులోనే పోయాయి. కుడి పక్క మాత్రం కారును షెడ్డుకు ఇచ్చిన రోజున ఉన్నాయి, నేను ఫొటోలు కూడా తీసుకున్నాను. ఇప్పుడు అక్కడ లప్పం నింపి, గీకి, నున్నగా చేసి, తెల్ల రంగు వేసి ఉంది. పైగా పాత బోల్టులన్నీ ఉంచిన డబ్బా పాత ఇనుము కింద పోయింది, వాటి స్థానంలో తళతళలాడే కొత్త స్టీలు బోల్టులు బిగించారు. ఇన్ని గుంటలు ఎందుకు, అసహ్యంగా ఉన్నాయని పూడ్చామని ఆ షెడ్డు యజమాని ఎంతో గర్వంగా చెప్పారు. ఆయన మీద కోపం వచ్చింది కాని, తప్పు నాది కూడా: ఏమి చేయాలో చెప్పాను, ఏమి చేయకూడదో చెప్పలేదు.

అక్కడి నుంచి కారును ఆటోనగర్‌కు తరలించాను. విజయవాడ జవహర్ ఆటోనగర్ గురించి తెలుగువారికి పరిచయం చేయనక్కరలేదు. లారీ బాడీలు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. లారీల మధ్య ఇంత సున్నితమైన కారు పెడతావా అని మా బంధువులు ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం అక్కడ ఒక నమ్మకం దొరికింది. అక్కడి రేకుల మేస్త్రీ గారు, వయసు డెబ్బై దాటింది, కారు చుట్టూ ఒకసారి తిరిగి, కుడి మడ్‌గార్డు అంచు మీద బొటనవేలు ఆనించి మెల్లగా జరుపుతూ, "దీని కింద పాయింట్లు ఉన్నాయండీ, లప్పం తీస్తే బయటికొస్తాయి" అన్నారు. చూడకుండానే, తడిమి చెప్పారు. మూడు రోజులు లప్పాన్ని మందుతో మెత్తబరచి, చెక్క పుల్లతో ఒక్కో గుంటా ఖాళీ చేశారు. ఉలి గాని గ్రైండరు గాని దగ్గరికి రానివ్వలేదు. కుడి పక్క గుర్తులన్నీ తిరిగి వచ్చాయి.

ఎడమ పక్క గుర్తులు ఎలా తేవాలన్నది అసలు సమస్య. మేస్త్రీ గారు కుడి పక్క అంచు మీద పలుచని ట్రేసింగు కాగితం పరచి, పెన్సిలుతో రుద్ది, గుంటల వరుసను దాని మీదకు దించారు. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి మేము చేసినట్టే. గుంటల మధ్య దూరం ఒకేలా లేదు. కొన్ని దగ్గరగా, కొన్ని ఎడంగా, ఒకచోట రెండు దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. జర్మనీలో 1966లో ఆ రోజు ఆ యంత్రం పట్టుకున్న మనిషి చెయ్యి అది. ఆ కాగితాన్ని తిరగేసి ఎడమ పక్క ఆనించి, గుర్తులు పెట్టుకుని, కొత్త రేకును స్పాట్ వెల్డింగుతోనే కలిపాము. మేస్త్రీ గారి దగ్గర పనిచేసే కుర్రవాడు, "ఏంటి తాతా, నున్నగా చేసేదాకా తిట్టేవాడివి, ఇప్పుడు గుంటలు పెట్టమంటున్నావు" అన్నాడు. "వాళ్ళు పెట్టారు కాబట్టి మనమూ పెడుతున్నాం, మన సొంత తెలివి ఇక్కడొద్దు" అన్నారు మేస్త్రీ గారు. ఈ పని మొత్తానికి నాకు అంతకంటే మంచి సూత్రం దొరకలేదు.

టాపు లేని కారు నేల కోసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్త గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే తరువాత ఎంత డబ్బు పోసినా సరికాదు. మామూలు కారుకు పై కప్పు ఒక వెన్నెముకలా పనిచేస్తుంది. ఓపెన్ కారుకు ఆ బలమంతా నేలలోనూ తలుపుల కింది పెట్టెల్లోనూ ఉంటుంది. 230 ఎస్.ఎల్. నేలను 220 ఎస్.ఇ. అనే పెద్ద కారు నేల నుంచి కుదించి చేశారు, చక్రాల మధ్య దూరం 2,400 మిల్లీమీటర్లు. మా కారుకు డ్రైవరు పక్క నేల, తలుపు కింది పెట్టె తుప్పు పట్టి చేతికి రాలిపోతున్నాయి. వాటిని కోసేముందు తలుపుల ఖాళీలకు అడ్డంగా, మూలకు మూల ఇనుప కడ్డీలు బిగించి, కారు బరువు చక్రాల మీదే ఉండేటట్టు చూసుకుని, ఒక్కసారి ఒక్క పక్కనే, అదీ గజం గజంగా కోసి కొత్త రేకు వేశారు. ప్రతి సాయంత్రం తలుపు మూసి, దాని అంచుకూ మడ్‌గార్డుకూ మధ్య సందులో ఒకే మందమున్న చిన్న రేకు ముక్కను పై నుంచి కిందిదాకా జరిపి చూసేవారు. ఎక్కడైనా బిగుసుకుంటే మరుసటి రోజు పని ఆగేది. ఈ పని తొమ్మిది నెలలు పట్టింది.

రంగు మళ్ళీ మొదటికి వచ్చింది. ఆ కాలంలో ఇలాంటి ఒకే ఛాయ రంగులను పైన పారదర్శకమైన పూత లేకుండా వేసేవారు. దాని మెరుపు అద్దం మెరుపు కాదు, బాగా తోమిన పింగాణీ పళ్ళెం మెరుపు. 050 సంకేతానికి మిశ్రమం సూత్రం దొరికింది కాని, అదే సూత్రంతో కలిపిన రంగు డబ్బా డబ్బాకూ కొంచెం తేడా వస్తుంది. పెయింటరు గారు ఐదు రేకు ముక్కల మీద ఐదు రకాలుగా వేసి తెచ్చారు. మధ్యాహ్నం బెజవాడ ఎండలో ఐదూ ఒక్కలాగే కనిపించాయి. ఆ వెలుగులో ఏ తెలుపైనా తెలుపే. మర్నాడు ఉదయం ఆరున్నరకు షెడ్డు బయట, డిక్కీలో దొరికిన పాత తెలుపు పక్కన పెట్టి చూసినప్పుడు మాత్రమే మూడవ ముక్క సరిపోయిందని తేలింది. పాత రంగు కాలంతో పసుపు తిరిగి ఉంటుందని తెలుసు, అందుకే దాన్ని ముందు పలుచగా పాలిష్ పట్టి, లోపలి పొర తేలాకే పోల్చాము. డాష్‌బోర్డు ముఖం కూడా ఈ కారులో ఒంటి రంగే. చక్రాల మధ్య టోపీలకు కూడా అదే.

ఇక ఇంజను. 2,306 సీసీ, ఆరు సిలిండర్లు, 150 హార్స్ పవర్. కార్బురేటరు లేదు. దాని స్థానంలో బాష్ కంపెనీ తయారుచేసిన ఆరు ప్లంజర్ల ఇంజెక్షను పంపు ఉంది, ఒక్కో సిలిండరుకు పెట్రోలు నెట్టే ఒక్కో చిన్న కడ్డీ, అదే ప్లంజరు. అంతకు ముందటి 220 ఎస్.ఇ. కారులో రెండు ప్లంజర్లే ఉండేవి. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో, మనం యాక్సిలరేటరు ఎంత తొక్కామో, ఈ రెండింటినీ ఒకేసారి లెక్కలోకి తీసుకుని పెట్రోలు కొలిచే ఒక వింత ఆకారపు క్యామ్ ఆ పంపు వెనుక భాగంలో ఉంటుంది. నిమ్మకాయను ఎవరో చేత్తో పిసికినట్టు ఉంటుంది దాని ఆకారం; ఆ వంకరలో ప్రతిదానికీ ఒక లెక్క ఉంది. విదేశాలలో ఇలాంటి పంపులు బాగుచేసేవారు అడిగే డబ్బు విని నేను చాలా రోజులు నిద్రపోలేదు.

సమాధానం మూడు వీధుల అవతల దొరికింది. 1954లో టాటా వారి టెల్కో సంస్థ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని మన దేశంలో లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది. 1969 వరకు ఆ లారీల ముక్కు మీద మూడు కోణాల నక్షత్రం ఉండేది. మన పెద్దవారు బెంజి లారీ అనే మాట అందుకే వాడతారు. ఆ లారీలకూ, వాటి తరువాత వచ్చినవాటికీ డీజిలు పంపులు బెంగళూరులోని మైకో కంపెనీ నుంచి వచ్చేవి, అది బాష్ వారిదే. అంటే ఆటోనగర్‌లో డీజిలు పంపుల గది నడిపే ఒక పంపు మేస్త్రీ, తన గురువు దగ్గర నుంచి నేర్చుకున్న విద్య, మా కారు పంపు తయారుచేసిన ఇంటి విద్యే. ఆయన గది చూస్తే ఆపరేషను గదిలా ఉంటుంది. ఆటోనగర్ మొత్తంలో చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళే చోటు నాకు అది ఒక్కటే తెలుసు. పంపును తెల్ల గుడ్డ మీద పెట్టి, అటూ ఇటూ తిప్పి, "ఇది మన లారీ పంపుకు తమ్ముడండీ, పెట్రోలు తాగుతాడు, అంతే తేడా" అన్నారు. ఆ తేడా చిన్నది కాదని ఆయనకే ముందు తట్టింది. డీజిలులో జిడ్డు ఉంటుంది, ప్లంజర్లు దానితోనే నునుపుగా కదులుతాయి. పెట్రోలులో అది లేదు కనుక ఈ పంపుకు విడిగా ఆయిలు పోయాలి. మా కారు పంపులో ఆ ఆయిలు ఎప్పుడో ఇంకిపోయి, మిగిలిన పెట్రోలు గట్టిపడి, ఆరు ప్లంజర్లలో రెండు రాయిలా బిగుసుకుపోయాయి.

ఆ రెండింటినీ విడిపించడానికి పదకొండు రోజులు పట్టింది. రోజూ ఉదయం కిరసనాయిలు, పలుచని ఆయిలు కలిపిన మందు పై నుంచి పోసేవారు. సాయంత్రం వేలెడంత ఇత్తడి కడ్డీని ప్లంజరు తల మీద నిలిపి, చిన్న చెక్క సుత్తితో తాకీ తాకనట్టు రెండు దెబ్బలు, అంతే. కదలకపోతే మళ్ళీ మందు, మళ్ళీ మరుసటి సాయంత్రం. బలం వాడితే ఒక్క నిమిషంలో వస్తుందని, కాని గోడ గీసుకుంటే ఆ పంపు జన్మ అయిపోయినట్టేనని ఆయన నాకు చెప్పారు. తొమ్మిదో రోజు మొదటిది, పదకొండో రోజు రెండోది కదిలాయి. రెండోది కదిలినప్పుడు నేను అక్కడే ఉన్నాను: పెద్ద శబ్దమేమీ రాలేదు, కింద స్ప్రింగు టిక్కుమని ప్లంజరును పైకి తోసింది, ఆయన వేలితో నొక్కి మళ్ళీ వదిలారు, మళ్ళీ టిక్కుమంది. వెనుక ఉన్న క్యామ్ భాగాన్ని మాత్రం విప్పవద్దని ఇద్దరమూ నిర్ణయించుకున్నాము. ఫ్యాక్టరీలో సరిచేసి మూసిన చోటు అది, దాన్ని తాకవలసిన కారణం కనిపించలేదు.

పంపును తిరిగి ఇంజనుకు బిగించాక, యాక్సిలరేటరు నుంచి పంపుకూ గాలి ద్వారానికీ పోయే చిన్న చిన్న లింకు కడ్డీల పొడవు సరిచూడాలి. ఇంజను మేస్త్రీ చెవితో సరిచేస్తానన్నారు. ఆయన చెవి మీద నాకు అపారమైన గౌరవం ఉంది, కాని ఈ ఒక్కచోట పుస్తకమే గెలవాలని పట్టుబట్టాను. కడ్డీలన్నీ విప్పి, ఫ్యాక్టరీ పుస్తకంలోని కొలతకు ఒక్కొక్కటిగా సరిచేసి బిగించిన తరువాత ఇంజను స్టార్టు చేస్తే, చెవితో సరిచేయవలసింది ఏమీ మిగలలేదు. ఆ మేస్త్రీ చాలాసేపు చెయ్యి ఎయిర్ ఫిల్టరు మీద ఆనించి నిలబడి, చివరకు, "ఆ రోజుల్లోనే ఇంత లెక్కగా చేశారా" అన్నారు.

ఈ నాలుగేళ్ళలో నేను ఎక్కువగా విన్న మాట, "ఎలాగూ విప్పారు కదా, ఇదొక్కటి మంచిది పెట్టేయండి". వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు తీసి డిస్కులు పెట్టమన్నారు, 230 ఎస్.ఎల్. కు ముందు చక్రాలకు మాత్రమే డిస్కులు, నాలుగు చక్రాలకూ డిస్కులు తరువాతి 250 ఎస్.ఎల్. తో వచ్చాయి, కనుక మా కారుకు డ్రమ్ములే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టమన్నారు, పాత పద్ధతిలో స్పార్కుకు వాడే కాంటాక్టు పాయింట్లే ఉంచాను. ఏసీ పెట్టించమన్నవారి సంఖ్యకు లెక్కలేదు, బెజవాడలో మే నెల చూసినవారెవరూ వారిని తప్పుపట్టలేరు, కాని డేటా కార్డులో ఏసీ లేదు. ఈ రకం కారుతోనే ఆయిగెన్ బోరింగర్ అనే జర్మన్ డ్రైవరు 1963లో బెల్జియంలోని స్పా నుంచి బల్గేరియాలోని సోఫియా వెళ్ళి తిరిగి బెల్జియంలోని లీజ్ చేరే కఠినమైన ర్యాలీ గెలిచాడు. ఫ్యాక్టరీ ఇచ్చిన బ్రేకులు నా అవసరానికి చాలని నా నమ్మకం.

సీట్ల విషయంలో వాదన ఎక్కువ జరిగింది. ఇంత విలాసవంతమైన కారుకు తోలు సీట్లు ఉండాలని అందరూ అనుకుంటారు. మా కార్డులో ఉన్నది తోలు కాదు, ఎంబీ-టెక్స్ అని ఆ సంస్థ వాడిన రెక్సిను, అదీ నల్లనిది. నల్ల రెక్సిను మన ఎండకు పెనంలా కాలుతుందని తెలిసీ అదే కుట్టించాను. సీటు లోపల, స్ప్రింగుల మీద, రబ్బరు పాలతో తడిపి గట్టిపరచిన గుర్రపు వెంట్రుకల మెత్త ఉండేది. అది పొడిపొడిగా రాలిపోయింది. సీట్లు కుట్టే ఆయన స్పాంజి పెడతానన్నారు. స్పాంజి పెడితే సీటు ఉబ్బుతుంది, దాని భుజాల వంపు పోతుంది. గుర్రపు వెంట్రుకల మెత్త తెప్పించడం నా వల్ల కాలేదు. చివరకు అదే పద్ధతిలో రబ్బరు పట్టించిన కోనసీమ కొబ్బరి పీచు మెత్తను, పాత మెత్త ముక్కల మందం కొలిచి, కోసి వాడాము. కూర్చుంటే తేడా తెలియదు, చూస్తే రూపం చెడలేదు. అయినా అది అసలుది కాదు కనుక, మార్చినవాటిని రాసిపెట్టే నా ఫైలులో రాశాను. ఇంకా కొన్ని రాశాను: పెట్రోలు గొట్టాలు బయటికి పాత గుడ్డ అల్లికవే, లోపల మాత్రం ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తట్టుకునే రబ్బరు, పాత రకం రబ్బరు ఈ పెట్రోలులో మెత్తబడి చిట్లిపోతే ఇంజను వేడి మీద మంటలు లేస్తాయి, ఆ ప్రమాదంతో రాజీ పడలేను.

బోల్టుల సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. ఫ్యాక్టరీ బోల్టులకు బంగారు పసుపు ఛాయ ఉన్న పూత ఉండేది. క్రోమ్ చేసే చోట అడిగితే, క్రోమ్ ఇంకా బాగుంటుంది కదా అన్నారు. బాగుంటుంది, కాని అది వేరే కారు అవుతుంది. పసుపు జింకు పూత వేసేవారిని వెతికి, పాతవాటి తలల మీద ఉన్న గుర్తులతో సహా దొరికినన్ని సేకరించి వేయించాము. మొదటి షెడ్డులో పోయిన డబ్బా మాత్రం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. స్టీరింగు చక్రం దంతపు రంగుది; రెండు చోట్ల సన్నని చీలికలున్నాయి. దానిని తాకలేదు. పెదనాన్నగారి చేతులు పట్టుకున్న చోటు నునుపెక్కి కొంచెం ముదురు రంగుకు తిరిగింది, అది కూడా అలాగే ఉంది. పాతబడినదంతా చెడిపోయినట్టు కాదు. పని చేస్తున్న అసలు వస్తువును కొత్తదానికోసం తీసేయడాన్ని నేను పునరుద్ధరణ అనను.

మళ్ళీ బోనెట్టు దగ్గరికి వస్తున్నాను. మద్రాసు మేస్త్రీ చేత్తో కొట్టిన ఇనుప బోనెట్టు అద్భుతమైన పనితనం. ఏ అచ్చూ లేకుండా, మధ్యలో ఉన్న పొడవాటి ఉబ్బును అంత సమంగా తీయడం మామూలు విషయం కాదు. దానిని గుంటూరు షెడ్డులో గోడకు తగిలించి ఉంచాను, మా పిల్లలు పెద్దయ్యాక కూడా అది అక్కడే ఉండాలి. దాని స్థానంలో జర్మనీలో పాత కార్ల సామాను అమ్మేవారి దగ్గర నుంచి అసలు అల్యూమినియం బోనెట్టు తెప్పించాను. కస్టమ్స్, రవాణా అన్నీ అయ్యి చెక్కపెట్టె ఆటోనగర్‌కు చేరిన రోజు, రేకుల మేస్త్రీ గారు దానిని ఒంటి చేత్తో లేపి, మళ్ళీ దించి, మళ్ళీ లేపారు. తరువాత నాకు ఇచ్చారు. అంత పెద్ద వస్తువు అంత తేలికగా ఉండటం చేతులు నమ్మలేకపోయాయి.

ఫ్యాక్టరీలో ఈ కార్ల బోనెట్టును ఆ కారుకే సరిగ్గా కుదిర్చి బిగించేవారు, కలిసిపోకుండా దాని అడుగున బాడీ నంబరు చివరి అంకెలు గుద్దేవారు. మా కారులో గుడ్డ టాపు మూత మీద ఉన్న అంకెలు డేటా కార్డుతో సరిపోయాయి. జర్మనీ నుంచి వచ్చిన బోనెట్టు మీద మాత్రం వేరే అంకెలున్నాయి. షెడ్డులో ఒకరు చూసి, ఇదెంత పని సార్, వీటిని పూడ్చి మన అంకెలు గుద్దేద్దాం, నా దగ్గర పంచీలున్నాయి, ఐదు నిమిషాలు అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. నేను ఎడమ మడ్‌గార్డు మీద స్పాట్ వెల్డింగు గుర్తులు కొత్తగా పెట్టించినవాణ్ణే కదా, అది తప్పు కానప్పుడు ఇది ఎలా తప్పు అని ఆ రాత్రంతా ఆలోచించాను. నాకు తోచిన తేడా ఇది: ఆ గుర్తులు రెండు రేకులు కలిసే పద్ధతి, ఆ రేకులు నిజంగానే అలా కలిశాయి, అవి కొత్తగా పెట్టినవని నా ఫైలులో ఉంది. అంకెలు అలా కాదు. అవి ఈ బోనెట్టు ఈ కారుతోనే పుట్టిందని సాక్ష్యం చెబుతాయి, ఆ సాక్ష్యం అబద్ధం.

2021 జులైలో కేంద్ర రవాణా శాఖ యాభై ఏళ్ళు దాటి, మొదటి రూపంలోనే ఉన్న కార్ల కోసం వింటేజ్ రిజిస్ట్రేషను పద్ధతి తెచ్చింది. నంబరులో రాష్ట్రం అక్షరాల తరువాత వీఏ అని ఉంటుంది, కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ గడువు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ తప్ప రోజువారీ వాడకానికి వీలులేదు. ఛాసీ, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదన్నది అందులో ముఖ్యమైన షరతు. నా దరఖాస్తుతో పాటు పెట్టడానికి నేను తయారుచేసిన ఫైలులో, మార్చినవాటి జాబితా విడిగా ఉంది: నేల రేకు, ఎడమ మడ్‌గార్డు ముందు భాగం, సీటు మెత్తలు, పెట్రోలు గొట్టాలు, బోనెట్టు. బోనెట్టు ఎదురుగా దాని మీద ఉన్న అంకెలు కూడా రాశాను.

ఆ అంకెలు ఏ కారువో అమ్మినవారిని అడిగాను. అది వెనుక నుంచి గుద్దుకుని పాడైపోయిన కారని, విడిభాగాలుగా అమ్మేశారని మాత్రమే చెప్పగలిగారు. రంగు వేసే ముందు రోజు పెయింటరు గారిని ఒక విషయం కోరాను: బోనెట్టు అడుగున ఆ అంకెలు గుద్దిన చోట తెలుపు పలుచగా పడాలి, గీతలు పూడకూడదు, బోనెట్టు ఎత్తినవారు ఎవరైనా వంగి చదువుకోగలగాలి. ఆయన ఆ చోటును విడిగా, చిన్న గన్నుతో, రెండు పలుచని పొరలు వేశారు. ఆరాక టార్చి పట్టి చూస్తే నాలుగు అంకెలూ స్పష్టంగా కనిపించాయి.